వడియాల మంచం

డ్రైవర్లు లేని కార్లు మా వీధిలో అరవైలో పోతాయి. ఇరవైకి తగ్గించమని అన్నపూర్ణత్తయ్యా నేనూ ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించి మునిసిపాలిటీకి మూడు అర్జీలిచ్చాం. "జనం తప్పుకుంటున్నారు, ప్రమాదాలేవీ లేవు" అని మూడుసార్లూ ఒకటే జవాబు.

నిన్న ఎదురింటికి పెరుగు గిన్నె తీసుకెళ్తూ, కారుకి దారివ్వబోయి అత్తయ్య పడింది. మోకాలు వాచింది. కారు ఆగనే లేదు.

పొద్దున్నే కుంటుకుంటూ లేచి, వడియాలు పెట్టిన మంచాన్ని నాచేత వీధి మధ్యకి లాగించింది. మొదటి కారు అల్లంత దూరంలోనే నెమ్మదించి, పక్కనుంచి మెల్లగా పోయింది. వెనకవీ అంతే.

"మనకి ఆగనివి వడియాలకి ఆగుతున్నాయేంటత్తయ్యా?"

"మనం గెంతుతామని వాటికి తెలుసే. వడియాలు గెంతవుగా."

"మరి ఇవి ఎండిపోయాక?"

అత్తయ్య వడియాల గుడ్డ కాస్త పక్కకి జరిపి, మంచం మీద చతికిలబడింది.

"నేనూ గెంతను."