గ్రహణం నాటి నింద

“మెడ ఎప్పుడు నిలిపిందమ్మా?”

“ఏడో నెల దాటినంక సార్.”

“కూర్చోవడం?”

“ఏడాదిన్నరకు. అది గూడ గోడకు ఆనిస్తేనే,” అంది దమయంతి.

నారాయణగూడలో పిల్లల డాక్టరు వీరరాఘవరావు గారు అన్నీ రాసుకుంటున్నారు. దమయంతి ఒళ్లో మూడున్నరేళ్ల సంయుక్త మెత్తగా వాలిపోయి ఉంది. నిలబెడితే మోకాళ్లు మడిచేస్తుంది. ‘అమ్మ’ అన్న మాట ఇంకా రాలేదు.

“పుట్టిన కొత్తలో బాగా ఏడ్చేదా?”

“అసలు ఏడ్వకపోయేది సార్. ఎప్పుడు నిద్రనే. బంగారు బిడ్డ అనుకున్నం,” అన్నాడు తండ్రి విద్యాసాగర్.

“గ్రహణం నాడు కడుపుతోటి ఉండి కూరగాయలు కోసింది సార్,” అంది అత్తగారు. “వద్దంటె విన్నదా? ఆ పాపమే పిల్లకు తగిలింది.”

“అమ్మా, జర ఊకో,” అన్నాడు విద్యాసాగర్.

మూడేళ్లుగా చిక్కడపల్లిలో వాడకట్టంతా వినేలా అత్తగారు ఇదే మాట అంటోంది. దమయంతి ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. అంత ఓర్పు ఎవరికుంటుందని పక్కింటివాళ్లు మెచ్చుకునేవారు. అశోక్‌నగర్‌లో ఉండే దమయంతి చెల్లెలి కొడుకుది సంయుక్త ఈడే. వాడు బడికి పోతున్నాడని తెలిశాక దమయంతి ఆ ఇంటికి వెళ్లడం మానేసింది.

డాక్టరు రక్తపరీక్ష రిపోర్టు తెరిచారు.

“గ్రహణం కాదు, ఏం కాదు. పుట్టుకతోనే థైరాయిడ్ గ్రంథి పనిచేయట్లేదు. అందుకే ఒళ్లు ఇంత వదులు. మెదడు ఎదగనిదీ అందుకే. ఇందులో తల్లి తప్పేమీ లేదు.”

అత్తగారు తల దించుకుంది. కోడలి భుజం మీద చేయి వేసింది. “తెల్వక అన్న బిడ్డా. మనసుల పెట్టుకోకు.”

విద్యాసాగర్ కళ్లు తుడుచుకున్నాడు. “మందుంది గద సార్?”

“రోజుకో మాత్ర. ఒళ్లు గట్టిపడుతుంది, మెల్లగా నడుస్తుంది కూడా. కానీ మెదడుకు జరిగిన నష్టం ఇక పూడదు. మొదటి నెలలోనే మాత్ర మొదలుపెట్టి ఉంటే అందరు పిల్లల్లాగే బడికి వెళ్లేది.” ఆయన దమయంతి వైపు చూశారు. “పుట్టినప్పుడు ఈ పరీక్ష ఎవరూ రాయలేదా అమ్మా?”

దమయంతి కూతురి వేళ్లను గుప్పిట్లోకి తీసుకుంది.

“లేదు సార్.”

“ఒక్క చీటీ రాసిస్తె మేము చేయించకపోదుమా?” అంది అత్తగారు, కోడలి తల నిమురుతూ.

పసిదానికి సూది గుచ్చుతారని, కాన్పు ఆస్పత్రిలో రాసిచ్చిన ఆ చీటీ చింపేసింది దమయంతే.