ఊరికే కూర్చునే ఉద్యోగం

ఎదుటివాడు నోరు మెదపకపోతే మనిషి ఎంతసేపు ఓర్చుకోగలడు? రెండు నిమిషాలా? ఆ కాస్తలో బయటపడేదే అసలు స్వభావం, మిగతాదంతా పైపై ఇస్త్రీ అనుకుంటున్నాడు సైకాలజీ లెక్చరర్. అనుకుంటూనే ఎదురుగా కూర్చున్న యువకుడి మోకాలు ఆగకుండా ఊగుతుండటం గమనించాడు.

"ఇంటర్వ్యూ ఎప్పుడు మొదలుపెడతారండీ?" అన్నాడు యువకుడు.

"అయిపోయింది బాబూ. వెళ్లిరండి."

అతను వెళ్లగానే పాస్టర్ తలుపులోంచి తల లోపలికి పెట్టాడు. లెక్చరర్‌కి సొంత బావమరిది.

"ఏం బావా, వచ్చినవాళ్లంతా చెమటలు తుడుచుకుంటూ పోతున్నారు. ఇది చర్చి ఆఫీసనుకున్నావా, పోలీస్ స్టేషనా?"

"దుఃఖంలో ఉన్నవాళ్లు వస్తే పక్కన కూర్చునే మనిషి కావాలన్నావు. ఊరికే కూర్చోలేనివాడు నీకెందుకు?"

"అదీ నిజమేలే. పోయినసారి నువ్వు డిగ్రీలు చూసి పెట్టిన మహానుభావుడు మా అక్కకి ఓదార్పు మీద ఉపన్యాసం దంచాడు. ఆ రోజు నుంచి అక్క ఈ గడప తొక్కలేదు." పాస్టర్ నవ్వబోయి మానేశాడు. "ఇంకొకావిడ రావాలి. ఈసారైనా మనిషిని చూడు బావా."

లెక్చరర్ కూతురు చనిపోయిన నెలలోనే జరిగింది ఆ సంగతి. అప్పటి నుంచి ఇంట్లో భార్యకీ తనకీ మధ్య అన్నం వడ్డించనా, లైటు తీసెయ్యనా అన్నవి తప్ప మాటల్లేవు. మళ్లీ తప్పు మనిషిని ఎంచితే ఆమె ఎదుట తలెత్తలేడు.

కాసేపటికి ఒకావిడ లోపలికి వచ్చింది.

"అయ్యా, నేను..."

"తొందరేం లేదమ్మా. పేరు కూడా చెప్పకండి. కాసేపు అలా కూర్చోండి, చాలు."

ఆమె కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. గడియారం వంక చూడలేదు. ఇందాక వచ్చినవాళ్ల మౌనం ఊపిరి బిగబట్టినట్టుంటే, ఈమె కూర్చున్నాక గదే కొంచెం పెద్దదైనట్టు అనిపించింది. గోడ మీది ఎండ మెల్లగా పక్కకు జరిగింది.

ఎప్పుడు మొదలుపెట్టాడో అతనికే తెలియలేదు.

"మా పాపకి ఉరుములంటే భయం" అన్నాడు. అన్నాక ఇక ఆగలేదు. ఆసుపత్రి నుంచి తెచ్చిన సంచీ ఇంకా హాల్లోనే ఉందన్నాడు. భార్య అటు నుంచీ తను ఇటు నుంచీ దాన్ని తప్పుకుని నడుస్తున్నామన్నాడు. ఏళ్ల తరబడి మనసు గురించి పాఠాలు చెప్పిన గొంతు చిన్నపిల్లాడి గొంతులా వెక్కింది. ఆమె అయ్యో అనలేదు. దేవుడున్నాడనీ అనలేదు. చాలాసేపటికి ఒక్కటే అడిగింది.

"ఉరిమితే ఎవరి దగ్గరికి పరిగెత్తేది?"

"వాళ్లమ్మ దగ్గరికి" అన్నాడు. ఆ మాట తన చెవికే కొత్తగా వినిపించింది. ఇంటికెళ్లి ముందు ఆ సంచీ ఎత్తాలనుకున్నాడు.

కళ్లు తుడుచుకుని ఆమెను చూస్తూ ఉండిపోయాడు. మనిషి లోపల ఇంత చోటు ఎలా ఉంటుంది? తను చదివిన ఏ పుస్తకంలోనూ ఈ స్వభావానికి పేరు లేదు. రాత్రిపూట సముద్రం ముందు నిలబడ్డట్టు ఒళ్లు జలదరించింది.

"ఇంకెవర్నీ చూడక్కర్లేదమ్మా. ఈ ఉద్యోగం మీదే."

ఆమె తెల్లబోయింది. "ఏ ఉద్యోగమండీ?"

లెక్చరర్ బల్ల మీదికి వంగాడు. "మరి మీరు... ఎందుకొచ్చారమ్మా?"

ఆమెను అతను అడిగిన మొదటి ప్రశ్న అది. ఆమె చీర కొంగు కొస వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది. లెక్చరర్ లేచి, తన కుర్చీని బల్ల చుట్టూ లాక్కొచ్చి, ఆమె పక్కన వేసుకుని కూర్చున్నాడు. ఏమీ అనలేదు.

"మా ఆయన పొద్దున పోయారండీ" అంది ఆమె. "ఎవరికి చెప్పుకోవాలో తెలియక వచ్చాను."