తలుపు అవతలి గొంతు

"వస్తాను," అంది ఆమె మైకులో.

సౌండ్ ఇంజనీరు నెత్తి కొట్టుకున్నాడు. "అక్కా! 'రాను' అనాలి. మళ్లీ 'వస్తాను' అన్నారు."

"అయ్యో, అన్నానా?"

"పొద్దుట్నుంచీ అదే వరస. హీరోయిన్ వెళ్లిపోతే ఇంక సినిమా ఏముంది చెప్పండి?"

గాజు అద్దానికి అవతల, మైకు ముందు నిలబడి ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు.

అదొక ప్రేమకథ. హీరో రెండొందలేళ్ల కిందటివాడు, హీరోయిన్ ఇప్పటి పిల్ల. ఒక పాత ఇంట్లో తలుపుకి అటొకరూ ఇటొకరూ నిలబడి మాట్లాడుకుంటారు, అలా మాట్లాడుకుంటూనే ప్రేమించేసుకుంటారు. చివర్లో ఒకే ఒక్కసారి ఆ తలుపు తెరుచుకుంటుంది. "నా కాలానికి వచ్చెయ్" అంటాడు హీరో. వెళితే తిరిగి రావడం ఉండదు కాబట్టి ఆమె "రాను" అనాలి. చూసేవాళ్లు ఏడిస్తే ఏడుస్తారు గానీ, డబ్బింగ్ చెప్పేవాళ్లకి అది చిటికెలో అయిపోయే మాట.

చిక్కల్లా ఏమిటంటే, ఇందులో హీరోకి గొంతు ఆమె భర్తది. మొగుడూ పెళ్లాలిద్దరూ ఎన్నో సినిమాల్లో జంటగా చెప్పారు. ఈ రోజుల్లో ఎవరికి వాళ్లు విడివిడిగా వచ్చి చెప్పిపోవడమే పద్ధతి. ఈసారి ఆయన వంతు ముందు పడింది. ఆమె వంతు వచ్చేసరికి ఆయన లేడు. స్నానానికి వెళ్లిన మనిషి బాత్రూంలోనే కుప్పకూలిపోయాడు.

అప్పుడు ఈ కుర్చీలో కూర్చున్న ఇంజనీరు వేరు, ఇతను కొత్తగా వచ్చాడు. డైరెక్టరేమో ఇంకో సినిమా గొడవలో పడి, "ఆఖరి రీలు నువ్వే కానిచ్చెయ్" అని ఇతని నెత్తిన రుద్దేశాడు. హీరో మాటలు హెడ్‌ఫోన్స్‌లో ఆమెకే వినబడతాయి. ఇతను తన స్పీకర్లలో ఆమె గొంతొక్కటే పెట్టుకుంటాడు. రెండూ కలిస్తే చిన్న చిన్న తప్పులు దొరకవు మరి.

"ఆయన గొంతు వినడం కష్టంగా ఉంటే హెడ్‌ఫోన్స్ తీసెయ్యండక్కా. బొమ్మ చూసి చెప్పెయ్యండి."

"వద్దు!" ఆమె రెండు చేతులతో వాటిని చెవులకి గట్టిగా అదిమి పట్టుకుంది. "విననీ తమ్ముడూ. మిగతా రీళ్లన్నిట్లో రాకుమారుడిలా తెగ నీలిగాడా? ఇందులో మాత్రం అచ్చం ఇంట్లో మాట్లాడినట్టే ఉంది. మధ్యలో 'ఏమే రాకాసీ' అని కూడా అన్నాడు."

ఇంజనీరుకి నవ్వొచ్చింది. ఆయన సంగతి స్టూడియోలో కథలు కథలుగా చెబుతారు. గంభీరమైన సీన్‌లో వెధవ జోకొకటి ఇరికించి, "అది కోసెయ్యండ్రా" అని నవ్వుకుంటూ బయటికొచ్చేవాడట.

"ఆఖరికి ఇందులోనూ వేషాలేనన్నమాట! మిక్సింగులో తీసేస్తాలెండి."

"తియ్యకు," అంది ఆమె.

అంతలో ఆమె ఫోను మోగింది. అత్తగారు. ఆవిడ గొంతు ఇటు స్పీకర్లలోకి కూడా ఖంగున వచ్చింది.

"స్టవ్ వెలగట్లేదే! ఎప్పుడు తగలడతావ్?"

"వస్తాను అత్తయ్యా. మీరు దాని జోలికి పోకండి. ఏమైనా తిన్నారా?"

"నువ్వు రాకుండా నేనెప్పుడు తిని చచ్చాను?"

ఫోను పెట్టేసింది. కొడుకు పోయాక ఆ పెద్దావిడకి ఈ కోడలు తప్ప దిక్కు లేదు. ఇద్దరూ రోజూ పోట్లాడుకుంటారు, ఒకరు లేకుండా ఇంకొకరు ముద్ద ముట్టరు.

మళ్లీ మొదలుపెట్టారు. తెర మీద తలుపు తెరుచుకుంది. ఆమె కళ్లు మూసుకుని విన్నది.

"వస్తాను..."

ఈసారి ఇంజనీరు విసుక్కోలేదు. అతనికి భయమేసింది. ఆ మాట ఆమె పొరపాటున అన్నట్టు లేదు, చెప్పులేసుకుని బయల్దేరబోతున్నట్టుంది.

"అక్కా, ఇవాళ్టికి ఆపేద్దాం."

"ఇవాళ ఆపితే రేపు నావల్ల కాదు." ఆమె కళ్లు తుడుచుకుంది. "ఏం చెయ్యను తమ్ముడూ? అక్కడంతా చీకటిగా ఉందట. ఒక్కణ్నే ఉండలేకపోతున్నాను, తోడు రా అంటున్నాడు. ఎన్నిసార్లని కాదనను?"

"అది డైలాగక్కా!"

"డైలాగే." ఆమె మంచినీళ్లు తాగి, గ్లాసు పక్కన పెట్టింది. "ఊఁ, కానియ్."

ఎర్ర లైటు వెలిగింది. హీరోయిన్ తలుపు వైపు తిరిగింది. ఇప్పుడు మనకి కనబడేది ఆ పిల్ల వీపే. హెడ్‌ఫోన్స్‌లో ఏం వినబడిందో గానీ ఆమె గట్టిగా కళ్లు మూసుకుంది. పెదవి కొరికి పట్టుకుంది.

"రాను."

ఇంజనీరు హమ్మయ్య అనుకోబోయాడు. ఆమె ఇంకా ఆపలేదు.

"నన్నిక పిలవకు. నాకు మాత్రం రావాలని లేదా? అత్తయ్య ఒక్కతే అయిపోతుంది. నువ్వు వెళ్లిపో."

ఆ సినిమాలో అత్తయ్యే లేదు. అయినా అతను అడ్డుపడలేదు. కాసేపటికి ఆమె హెడ్‌ఫోన్స్ తీసి కొక్కేనికి తగిలించింది.

"అయిపోయింది తమ్ముడూ. స్టవ్ సంగతి చూడాలి, వెళ్లొస్తా."

పొద్దుటి మనిషి కాదు ఆమె. ఏడ్చి ఏడ్చి తేలికపడ్డ మొహంతో, బ్యాగు భుజాన వేసుకుని చరచరా మెట్లు దిగిపోయింది. గండం గడిచిందనిపించి ఇంజనీరుకి ప్రాణం లేచొచ్చింది. వెంటనే డైరెక్టరుకి ఫోను కొట్టాడు.

"రీలు అయిపోయింది సార్! అక్క ఏడిపించేసింది. ఇప్పుడే ఇద్దరి గొంతులూ కలిపేస్తాను."

"ఇద్దరివీ ఎలా కలుపుతావయ్యా? హీరోకి చెప్పడానికి ఎల్లుండి ఇంకో ఆర్టిస్టు వస్తున్నాడు."

"ఇంకో ఆర్టిస్టెందుకు సార్? ఆయన చెప్పింది ఉందిగా!"

"ఎక్కడుంది? నీకెవరూ చెప్పలేదూ?" డైరెక్టరు గొంతు తగ్గించాడు. "ఈ రీలు చెప్పకముందే పోయాడయ్యా ఆయన."