రాగిరేకు బొమ్మ

"ఆ పుస్తకం ముయ్యమన్నానా!" సులోచనమ్మ వంటింట్లో నుంచి అరిచింది. "దాన్ని చూసేకొద్దీ నా గుండె జారిపోతాంది."

శ్రీరామయ్య ముయ్యలేదు. ఆపరేషన్‌కని ఒక్కగానొక్క కొడుకు నంజుండను బెంగళూరు ఆసుపత్రిలో చేర్చినప్పటి నుంచి అదే పేజీ. "మీ ఏడుపు చూస్తే వాడు బెదురుతాడు, మీరు రావొద్దు" అని బావమరిది బాలచంద్ర వీళ్ళను చింతామణిలోనే ఆపి, తానే దగ్గరుండి చూసుకుంటున్నాడు.

అంగడివీధిలో ఇంటి ముందరి గదిలోనే శ్రీరామయ్య కిరాణా అంగడి. పొట్లాలకు పాత కాగితం కొంటాడు. చిక్కబళ్ళాపురంలో ఎవరో దొర బంగళా ఖాళీ చేస్తే వచ్చిన మూటలో ఈ ఇంగ్లీషు పుస్తకం దొరికింది. చదవడం రాదు. బొమ్మలు చూశాడు. చూడకుండా చింపి పొట్లాలు కట్టి ఉంటే పీడ పోయేది.

బొమ్మలో మన దేశపు షావుకారు ఒకడు ఏటి ఒడ్డున నిలబడి దోసిట్లో నీళ్ళు వదులుతున్నాడు. బట్టతల, బొజ్జ, అచ్చం శ్రీరామయ్యే. జంధ్యం మాత్రం ఎడమ భుజం మీద లేదు. కుడి భుజం మీద ఉంది. జంధ్యం అలా ఎప్పుడు మారుతుందో ఆ ఇంట్లో ఎవరికీ చెప్పనక్కరలేదు. చచ్చినవాళ్ళకు నీళ్ళు వదిలేటప్పుడు. శ్రీరామయ్య ఎవరికి వదలాలి? ఆ ప్రశ్న మొలిచినప్పటి నుంచి ఆయనకు అన్నం గొంతు దిగలేదు. ఆయన భయం సులోచనమ్మకూ అంటుకుంది.

ఎండ నడినెత్తికొచ్చే వేళకు బాలచంద్ర వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. బెంగళూరులో ఒక ప్రెస్సులో బొమ్మలు అచ్చేసే లోహపు బ్లాకులు చేస్తాడు. దేవుడన్నా శకునమన్నా మండిపడే మనిషి. జంధ్యం ఏనాడో తెంపి పారేశాడు.

"నంజుండ ఎట్లుండాడు?" మొగుడూ పెళ్ళాం ఒక్కసారే అడిగారు.

"ఆపరేషన్ అయిపోయింది. ఇప్పుడు నొప్పి లేదు." బాలచంద్ర తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "అన్నం తిన్యారా?"

"వాని దగ్గర యెవరుండారు?"

"నా స్నేహితులుండారు. నేనడిగిందానికి చెప్పు బావా. తిన్యారా లేదా?"

"యాడ తినేది?" అంది సులోచనమ్మ. "ఈయన ఆ బొమ్మ ముందర కూలబడినప్పట్నుంచి ముద్ద దిగితే గదా. లోపలికి రా, కాఫీ ఇస్తా."

"వద్దక్కా. ఏం బొమ్మ?"

శ్రీరామయ్య పుస్తకం తెచ్చి అతని ఒళ్ళో పెట్టాడు. బాలచంద్ర చూశాడు. మొదటి పేజీ తిప్పి ఎక్కడ అచ్చేశారో చదివి, మళ్ళీ బొమ్మ తెరిచాడు.

"చూసినావా! నీకే నోరు పడిపోయింది."

"పడిపోయింది నీ తెలివికి!" బాలచంద్ర గయ్యిమన్నాడు. "ఇది అమెరికావోళ్ళ అచ్చు. లండన్‌లో వచ్చిన పుస్తకాన్ని మళ్ళీ అచ్చేసుకొని అమ్ముకున్యారు. బొమ్మలు చెక్కిన రాగిరేకులు లండన్‌లోనే ఉండిపోయినాయి. వీళ్ళేం చేసినారు? పుస్తకం ముందర పెట్టుకొని, దాంట్లో ఉన్నది ఉన్నట్టే కొత్త రేకు మీద చెక్కినారు. అచ్చేస్తే ఏమైతాది?"

"ఏమైతాది?"

"నీ అంగడి ముద్ర తే."

శ్రీరామయ్య రబ్బరు ముద్ర తెచ్చాడు.

"అక్షరాలు ఎట్లుండాయి దాని మీద?"

"తిరగబడి ఉండాయి."

"రేకు మీద తిరగేసి చెక్కితేనే కాగితం మీద సరిగ్గా పడతాది. ఆ సోమరి నా కొడుకులు తిరగెయ్యలేదు. ఎడమ కుడైంది. అంతే."

"నువ్వు దేవుణ్ణే లేదంటావు. నీ మాట ఎట్ల నమ్మేది?"

"నన్ను నమ్మొద్దు. బొమ్మను చూడు. వెనక కూచొని తాటాకు మీద రాసేవాడు ఏ చేత్తో రాస్తాండాడు?"

"ఎడమచేత్తో."

"ఆ పక్కన అన్నం తినేవాడు?"

"ఎడమ... థూ!"

"ఊరు ఊరంతా ఎడమచేత్తో తింటాదా బావా?"

సులోచనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బాలచంద్ర ఆ పేజీని ఎండకు ఎత్తిపట్టి, అచ్చులేని వెనకవైపు నుంచి చూపించాడు. వెలుతురులో షావుకారు ఇటు తిరిగాడు. జంధ్యం ఎడమ భుజం మీదికి వచ్చింది.

"ఇదీ అసలు బొమ్మ. తెల్లారి సూర్యునికి అర్ఘ్యం ఇస్తాండాడు. బొమ్మలు ఎవర్నీ..." పుస్తకం మూసి పక్కన పెట్టాడు. "బొమ్మలు ఎవర్నీ చంపవు బావా."

శ్రీరామయ్య గోడకు చేరగిలబడి గట్టిగా ఊపిరి వదిలాడు. అంతలో ఎదురంగడి నరసింహప్ప తలుపు పలకలు ఒక్కొక్కటే బిగించడం కనబడింది.

"సంతరోజు ఈ పొద్దప్పుడు మూస్తాండాడేమి? నువ్వు బస్సు దిగి ముందు ఆయన అంగడికే పోయినావు గదా, ఏమన్నా చెప్పినాడా?"

"అగ్గిపెట్టె కోసం పోయినా. అక్కా, వడ్డించు. ఇద్దరూ కడుపునిండా తినండి. నేనీడే కూచుంటా."

లోపల కంచాల చప్పుడు. శ్రీరామయ్య పప్పన్నం తిని, మజ్జిగన్నం రెండోసారి వేయించుకున్నాడు. "వాడు ఇంటికి వచ్చిన రోజు ఒబ్బట్లు చెయ్యాల" అంటోంది సులోచనమ్మ. "నెయ్యి ఎక్కువ వెయ్యొద్దు, కడుపు కోసినారు" అంటున్నాడు ఆయన. అరుగు మీద బాలచంద్ర తల వంచుకుని వింటున్నాడు. వీధిలో ఇంకో అంగడి మూతపడింది. దాని పక్కది కూడా.

శ్రీరామయ్య చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. ముఖంలో రక్తం తిరిగింది.

"నీ పుణ్యమా అని నాలుగు మెతుకులు దిగినాయప్పా. ఇంక చెప్పు, నంజుండను ఎప్పుడు పంపిస్తారు?"

"అక్క తిన్నాదా?"

"తిన్నాది. చెయ్యి కడుగుతాంది."

బాలచంద్ర లేచాడు. ఆయన ఎడమ భుజం మీద చెయ్యి వేశాడు.

"బావా, జంధ్యం కుడి భుజం మీదికి మార్చుకో."