కూర్మమ్మ బీపీ

"ఆవకాయ జాడీ ఏదే ఝాన్సీ?"

"అటక మీద పెట్టానత్తా."

"నా సెయ్యి అందకూడదనా?"

కోడలు కంచంలో అన్నం పెట్టి, పక్కన బీరకాయ కూర వేసింది. కూర్మమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది. ఉప్పు పడిందో లేదో తెలియని చప్పిడి కూర. ఎదురుగా కొడుకు నరసింగరావు తల వంచుకుని అదే కూర కలుపుకు తింటున్నాడు. ఎండు నెత్తళ్ళ చేపల వేపుడు లేనిదే ముద్ద దిగని మనిషి!

శ్రీకాకుళం వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. కూర్మమ్మ మోకాళ్ళ నొప్పులకని ముగ్గురూ పాతపట్నంలో బస్సెక్కి వెళ్ళారు. డాక్టరు ఆవిడ మోకాళ్ళు చూశాడు, చేతికి పట్టీ చుట్టి బీపీ చూశాడు. ఎలాగూ వచ్చారు కదా అని కొడుక్కీ కోడలికీ కూడా చూశాడు. తర్వాత ఆవిణ్ణి బయట బల్ల మీద కూర్చోమని, వాళ్ళిద్దరితో చాలాసేపు మాట్లాడాడు.

బయటికొస్తూనే ఝాన్సీ చెప్పింది.

"మీకు బీపీ ఉన్నాదట అత్తా. ఒళ్ళు పెరిగితే అంత ఒంటికీ రక్తం తోయలేక గుండె కష్టపడతాదట. దాంతో రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగిపోతాదట. ఉప్పు తగ్గించి, రోజూ నడిసి, ఒళ్ళు దించుకోవాలన్నారు."

బీపీ అన్న మాటకి కూర్మమ్మ హడలిపోయింది. మొగుడు అసిరయ్య పోయింది దానితోనే. పొలం గట్టు మీద నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. ఆ దెబ్బకి ఆవిడ చాన్నాళ్ళు మంచం దిగలేదు. కొడుకు ముద్దలు కలిపి నోట్లో పెడితే తినేది.

భయం సర్దుకున్నాక అనుమానం మొదలైంది.

పెళ్ళై వచ్చిన నాటి నుంచీ ఆ వంటిల్లు కూర్మమ్మది. నరసింగరావు పొలం కౌలుకిచ్చి, ఎరువుల కొట్టు పెట్టుకుని కుర్చీకి అలవాటుపడ్డాక కాస్త ఒళ్ళు చేశాడు. అదంతా తన చేతి వంట చలవేనని ఆవిడ ఊళ్ళో గొప్పగా చెప్పుకునేది. ఇప్పుడు పొయ్యి దగ్గరికి వెళ్ళబోతే చాలు, వేడి పడదంటూ కోడలు అడ్డొస్తోంది.

"జబ్బు నాకైతే, నా కొడుకు నోరెందుకు కడతన్నావే?"

"మీ ఎదురుగా ఆయనొక్కరే ఉప్పుసేప తింటే బాగుంటాదా?"

"మరి నాకు బిళ్ళ ఒక్కటీ రాయలేదేటి? బిళ్ళ లేని జబ్బుంటాదా?"

"మీకు ఒళ్ళు తగ్గితే సాలన్నారు," అంటూ ఝాన్సీ చూపు తిప్పుకుంది.

కొడుకు తీరూ అంతే. పొద్దున్నే "నడుద్దాం రాయే అమ్మా" అని మెళియాపుట్టి రోడ్డు పట్టించేవాడు. కల్వర్టు చేరేసరికి ఆవిడ మోకాళ్ళు మొరాయించేవి. "నువ్విక్కడ కూకో" అని తను మాత్రం సాగిపోయేవాడు. ఎప్పటికో చెమటతో తడిసి ముద్దై తిరిగొచ్చేవాడు. ఇంట్లో ఆలుమగల గుసగుసలు. తను గుమ్మంలోకి వస్తే ఇద్దరూ గప్‌చుప్. కోడలు వాడికేదో మందు పెట్టేసిందనే అనుకుంది కూర్మమ్మ.

ఇక ఆగలేకపోయింది. సంతకని చెప్పి తిన్నగా గవర్నమెంటు ఆసుపత్రికి పోయి చెయ్యి చాపింది.

నర్సు పట్టీ చుట్టి చూసింది. "బాగానే ఉన్నాది కదా మామ్మా!"

"సరీగ్గా సూడమ్మా."

నర్సు రెండో చేతికి కూడా చూసి నవ్వింది. "నీకు బీపీ ఏటీ లేదు. ఎవలన్నారు?"

"నా కోడలు," అంది కూర్మమ్మ పళ్ళు బిగించి.

దారిలో ఎక్కడా ఆగకుండా ఇంటికొచ్చి, నేరుగా వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఒసే! నాకు బీపీ లేదటే! వంటిల్లు కావాలని నోరు తెరిసి అడిగితే ఇచ్చీదాన్ని కదే. లేని జబ్బు అంటగట్టి నన్ను మూల కూకోబెడతావా? రానీ నా కొడుకుని, నీ సంగతి తేలుస్తాను."

ఝాన్సీ గరిటె కింద పెట్టింది. అబద్ధం కాదని బుకాయించలేదు. కళ్ళు మాత్రం నిండిపోయాయి.

"ఆయనే అలా సెప్పమన్నారత్తా. నోరు విప్పనని నా సేత ఒట్టేయించుకున్నారు."

"నా కొడుకా? నాకు జబ్బని సెప్పమన్నాడా? ఎందుకే?"

"మావయ్య పోయినప్పుడు మీరు ఎలగైపోయారో ఆయన సూశారు కదా. మళ్ళీ ఆ బెంగ మీకు పెట్టలేనన్నారు."

"నాకు బెంగేటే? నాను గుండ్రాయిలా ఉన్నాను కదా!"

ఝాన్సీ కొంగుతో మొహం కప్పుకుంది.

"బీపీ ఆయనకత్తా."