గోడవతలి ఫోన్ పేరు

“సదువు. ఏం రాసిండో ఉన్నదున్నట్టు సదువు!”

మగ్గం గుంతలోంచే అరిచాడు జోగయ్య. ఇంటర్ చదివే కూతురు యమున ఆయన కొత్త ఫోన్ పట్టుకొని గోడ పక్కన నిలబడింది.

“వద్దు నాయనా. నీకు కోపమొస్తది.”

“వస్తే రానీ. సదువు.”

“చిన్నాయన ఫోన్ పేరు మార్చిండు. ‘అన్న దిక్కే ముడి జారింది’ అని పెట్టుకున్నడు.”

జోగయ్యకు ఒళ్లు మండిపోయింది. మండదా మరి? ముప్పై ఏళ్లుగా గద్వాల చీర నేస్తున్న చేయి అది.

చీరల ఫొటోలు వ్యాపారులకు ఇవ్వడానికి ఆ ఏడే, రెండువేల ఎనిమిదిలో, కెమెరా ఫోన్ కొన్నాడాయన. బ్లూటూత్ పెడితే చుట్టుపక్కల ఉన్న ఫోన్ల పేర్లన్నీ వరుసగా కనపడతాయనీ, ఎవరి ఫోన్‌కు వాళ్లు ఏ పేరైనా పెట్టుకోవచ్చనీ, పది గజాల లోపల గోడ అడ్డమున్నా ఫర్వాలేదనీ యమునే చెప్పింది. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. ఆయనకు తెలుగు తప్ప రాదు.

గోడవతల ఉండేది తమ్ముడు మధుసూదన్. ఏటా జమ్ములమ్మ జాతరకు వీళ్ల ఇంటి నుంచి అమ్మవారికి ఒక చీర పోతుంది. అంచునూ నడిమి భాగాన్నీ పోగుపోగుకూ ముడేస్తూ నేయాలంటే మగ్గం మీద ఇద్దరు కావాలి. తండ్రి పోయినప్పటి నుంచి అన్నదమ్ములే కూర్చునేవారు. బయటి మనిషి చేయి ఆ చీర మీద పడకూడదని ఇంటి కట్టుబాటు. పోయినేడు ఒకచోట ముడి జారి అంచు విడిపోయింది. నీవైపు జారిందంటే నీవైపు జారిందనుకున్నారు. ఆ రోజు నుంచి మాటల్లేవు. మధుసూదన్ ఇంట్లో అమ్మవారి చీర పడుగు, నిలువు పోగులన్నీ, మగ్గానికి ఎక్కి నెల దాటినా నేత మొదలు కాలేదు. జాతర ఇంకా పన్నెండు రోజులే ఉంది.

“పోయి అడగరాదా నాయనా?” అంది యమున.

“వానితోని మాట్లాడితే నేను జోగయ్యనే గాదు. గోడవతలకినపడేటట్టు తిట్టినా మాట్లాడినట్టే అయితది. నా ఫోన్ పేరు గూడ మార్చు.”

“ఏమని?”

“మధుకు నాడె పట్టరాదు. గట్లనే రాయి.”

యమున మీటలు నొక్కింది. పడుగులో పోగును అటూ ఇటూ నడిపే నాడెనే పట్టరాదంటే నేతగాడికి అంతకుమించిన తిట్టు లేదు. జోగయ్యకు కాస్త చల్లబడింది.

మర్నాడు కాలేజీ నుంచి రాగానే ఆయనే ఫోన్ అందించాడు.

“చూడు, ఏమన్న మార్చిండా?”

“మార్చిండు. ‘అన్న చేతులు వణుకుతయి’.”

“నా చేతులా?” జోగయ్య రెండు చేతులూ కూతురి ముఖం ముందు చాపాడు. “చూడు బిడ్డా, నువ్వే చెప్పు. వణుకుతున్నయా? వానికి నాడె ఎట్ల విసరాల్నో నేర్పింది ఈ చేతులే. ఇంత అన్యాయమా?”

వణకని చేతులు కాస్తా కోపంతో వణికాయి. ఆ పూట అన్నం సగంలో వదిలేశాడు. చదువుకున్నవాళ్ల ఫోన్లలోకి తన పరువు పోయిందని కుమిలిపోయాడు. గల్లీలో ఎవరు ఫోన్ తెరిచినా తన చేతుల సంగతి చదువుకుంటారు కదా!

మూడోనాడు యమున చదవడానికే జంకింది.

“ఈసారి మస్తు ఘోరంగుంది నాయనా.”

“చెప్పు.”

“‘అన్న మగ్గానికి భయపడ్డడు’.”

అంతే. ఏడాదిగా పట్టిన పంతం ఎటు పోయిందో! జోగయ్య చెప్పులు కూడా వేసుకోకుండా తమ్ముడి గుమ్మం తొక్కాడు. యమున వెనకాలే పరిగెత్తింది.

“ఏందిరా? ఎవడు భయపడ్డడు?”

మధుసూదన్ ఎగిరి లేచాడు. ఆయన కళ్లూ ఎర్రగానే ఉన్నాయి.

“నాకు నాడె పట్టరాదని ఊరంత కనపడేటట్టు పెడతవా? నా పెండ్లాం అంత సదివి చెప్పింది. నువ్వు అన్నవేనా?”

“మొదలు వెట్టింది నువ్వు!”

“నువ్వు! నేను నోరు మూసుకొని ఉన్న!”

మధుసూదన్ భార్య రజని మధ్యలోకి వచ్చింది. “ఎందుకు బావా పరేషాన్? ఎవరికి చాతనయితదో, ఎవరికి కాదో మగ్గమే చెప్తది. కూసోండ్రి ఇద్దరు.”

“కూసుంట! వీనికి చూపిస్త!” జోగయ్య గుంతలోకి దిగాడు. “నేనే చూపిస్త!” అంటూ తమ్ముడు పక్కన చేరాడు.

పట్టుదలతో మొదలైన నేత అది. ఒకరి ముఖం ఒకరు చూడలేదు. అటు నుంచి నాడె వస్తే ఇటు ముడి పడింది. ఇటు నుంచి పోతే అటు పడింది. జానెడు, మూరెడు నేశారు. ఎక్కడా జారలేదు. ఆఖరికి జోగయ్యే అంచు మీద వేలితో తడిమి చూశాడు.

“నీ దిక్కు మంచిగనే వడ్తుంది,” అన్నాడు.

“నీ చేతులు వణుకుత లేవు,” అన్నాడు మధుసూదన్.

జోగయ్య కళ్లు తుడుచుకొని కూతురి వైపు తిరిగాడు.

“జాతరల పదిమంది చూస్తరు. ఆ పాడు పేర్లు తీసెయ్ బిడ్డా. నాది, చిన్నాయనది, రెండూ.”

యమున ముందు తండ్రి ఫోన్ పేరు మార్చింది. రజని తెచ్చిచ్చిన మధుసూదన్ ఫోన్ అందుకొని దాని మీదా నాలుగు మీటలు నొక్కి, “అయిపోయింది నాయనా,” అంది.

ఆ ఫోన్‌లో అసలు బ్లూటూతే లేదు.