నెత్తి గీరిన క్రేన్

రేవులో తొమ్మిదో నంబరు క్రేన్ ఉన్నట్టుండి పని ఆపేసి, కొక్కెంతో కంటైనర్ నెత్తిని బరబరా గీరడం మొదలుపెట్టింది.

కంట్రోల్ గదిలో తలపులు చదివే టోపీ పెట్టుకుని దాన్ని నడుపుతున్నది పైడితల్లి. ఇప్పుడు రేవులో యంత్రాలన్నీ మనిషి తలపుతోనే కదులుతున్నాయి. నెత్తి మండిపోయేలా దురద పెట్టినా ఆమె చేతిని ఆపుకోగలిగింది. క్రేన్ ఆగలేదు.

సూపర్‌వైజర్ శకుంతల పరుగున వచ్చింది. "టోపీ తియ్యి!"

తీయగానే భుజాల నిండా తెల్లటి పొట్టు రాలింది. సీటు పోయినట్టేనని పైడితల్లి తల దించుకుంది.

"ఎన్నాళ్ళ నుంచే?"

"రెండు నెలలు మేడమ్. నెత్తి ఎండిపోనాదని మా అత్త రోజూ నూనె మర్దిస్తంది. తలంటితే ఇంకా ఎండిపోతాదని వారానికోపాలే పోసుకుంటన్నాను."

"అదే కొంప ముంచింది. ఇది ఎండిపోవడం కాదు, చుండ్రు. జిడ్డుంటే ఇంకా రేగుతుంది. పైన టోపీలో చెమటొకటి! నాకూ వచ్చిందిలే. అప్పట్లో నా క్రేన్ ఓ కెప్టెన్ టోపీ ఎగరగొట్టింది."

"మరి నా సీటు?"

"ఎక్కడికీ పోదు. డాక్టరు మందు షాంపూ రాస్తారు. నెత్తి మానేదాకా గేటు దగ్గర డ్యూటీ చెయ్యి. నూనె మాత్రం బంద్."

రెండు నెలల్లో మొదటిసారి పైడితల్లి మనసారా నవ్వింది.

"ఆ ముక్క మా అత్తకి మీరే చెప్పండి మేడమ్. క్రేన్‌నైనా ఆపగలను గానీ ఆవిణ్ణి ఆపలేను."